‘ఇదిలా ఉండగా’ అని పలికే కట్

సంపాదకులకు నమస్కారం.

మీ సినిమా పేజీని శ్రద్ధగా చదివేవాళ్లలో ఎడిటర్లు కూడా ఉన్నారు. సమీక్షల్లో ఎడిటింగ్‌కు దక్కేది మామూలుగా ఒకే వాక్యం. ‘కత్తెరకు ఇంకాస్త పని చెప్పాల్సింది’ అనో, ‘ఎడిటింగ్ పదునుగా ఉంది’ అనో ఉంటుంది. రెండు చోట్ల జరిగే సంఘటనలను మార్చి మార్చి చూపించే క్లైమాక్స్ వచ్చిందంటే, షాట్లు ఎంత వేగంగా మారాయన్నదే మెచ్చుకోలుకు కొలత అయిపోతోంది. ఆ కొలత తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. ఇలా మార్చి మార్చి చూపడాన్ని మేము ఇంటర్‌కట్ అంటాం. అందులో అసలు పని, మనం వదిలి వచ్చిన చోట కాలం నడుస్తూనే ఉందని నమ్మించడం. వేగం ఆ తర్వాతి సంగతి.

మీ పత్రికలో రోజూ కనిపించే ఒక మాటతో దీన్ని చెప్పుకోవచ్చు. ఒక విషయాన్ని సగంలో ఆపి మరో విషయంలోకి వెళ్లేటప్పుడు విలేకరి ‘ఇదిలా ఉండగా’ అని రాస్తాడు. కథ చెప్పేవాళ్లు ‘అక్కడ అలా ఉండగా, ఇక్కడ...’ అంటారు. ఆ మాటలో ఒక ఒప్పందం ఉంది: మనం కదిలి వచ్చాం గానీ అక్కడి పని ఆగలేదు. సినిమాలో ఆ మాటను ఎవరూ నోటితో అనరు, ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారే ఆ ‘కట్’ మాత్రమే పలకాలి. ఇంటర్‌కట్‌లో కనిపించే తప్పుల్లో చాలావాటికి మూలం ఈ ఒప్పందం తప్పడమే.

ముందు పేర్ల సంగతి. ఒకే సమయంలో వేర్వేరు చోట్ల జరిగేవాటిని మార్చి మార్చి చూపడాన్ని క్రాస్‌కటింగ్ అంటారు. సమయంతో నిమిత్తం లేకుండా పోలిక కోసమో, వైరుధ్యం కోసమో రెండింటిని పక్కపక్కన పెడితే అది ప్యారలల్ ఎడిటింగ్. ఎడిటింగ్ రూంలో మాత్రం అన్నింటినీ కలిపి ఇంటర్‌కట్ అనేస్తారు, వాడుకలో దాంతో వచ్చిన నష్టమేమీ లేదు. కానీ సమీక్ష రాసేవారికి ఈ తేడా తెలియాలి, ఎందుకంటే రెండింటినీ తూచే తూనిక వేరు. 1925లో సోవియట్ దర్శకుడు సెర్గీ ఐజెన్‌స్టీన్ ‘స్ట్రైక్’లో కార్మికుల ఊచకోతను, ఎద్దును వధించే దృశ్యాన్ని కలిపి ఎడిట్ చేశాడు, మా భాషలో ‘కోశాడు’. ఆ ఎద్దుకు కథలో చోటే లేదు. అక్కడ ‘ఇది ఎన్ని గంటలకు జరిగింది?’ అని అడగడం అర్థం లేని పని. అదే రక్షించడానికి పరుగెత్తుకొస్తున్న మనిషి, ఆపదలో ఉన్న మనిషి అయితే ఆ ప్రశ్నే ప్రాణం.

ఇది సహజంగా పుట్టిన పద్ధతి కాదు, కనిపెట్టుకున్నది. 1903లో ఎడ్విన్ ఎస్. పోర్టర్ తీసిన ‘లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మన్’లో మంటల్లో చిక్కుకున్న తల్లీబిడ్డలను కాపాడే ఘట్టం ఉంది. చాలాకాలం దీన్ని తొలి ఇంటర్‌కట్‌లలో ఒకటిగా చెప్పుకున్నారు. చరిత్రకారుల చేతికి వచ్చిన ప్రింటులో గది లోపలి షాట్లు, బయటి షాట్లు మార్చి మార్చి వస్తాయి మరి. కాపీరైట్ కోసం అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చిన కాగితపు ప్రింటును (ఫ్రేములన్నీ కాగితం మీద అచ్చేసిన ప్రతిని) చూశాక సంగతి వేరని తేలింది. అందులో కాపాడే ఘట్టమంతా గది లోపలి నుంచి ఒకసారి పూర్తిగా నడుస్తుంది. మళ్లీ మొదటి నుంచీ బయటి వైపు నుంచి ఇంకోసారి నడుస్తుంది. మార్చి మార్చి కోసింది తర్వాతి చేతులు. అంటే 1903 నాటి దర్శకుడికి, ‘అదే సమయంలో బయట’ అని చెప్పడానికి జరిగినదాన్ని రెండోసారి చూపడమే సబబుగా తోచింది. 1909లో డి. డబ్ల్యూ. గ్రిఫిత్ ‘ద లోన్లీ విల్లా’ తీసేనాటికి, తలుపు పగలగొడుతున్న దొంగలు, లోపల తల్లీ పిల్లలు, దూరాన తండ్రి, ఈ మూడు చోట్ల మధ్య కట్ తిరుగుతోంది. కాలాన్ని ఎవరూ రెండోసారి నడపడం లేదు. ఆరేళ్లలో వచ్చిన ఆ మార్పు సినిమా వ్యాకరణంలో చాలా పెద్దది.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. జడలో పాయల్లా ఇంటర్‌కట్‌లో ఒక్కో చోట జరిగే కథను ‘పాయ’ అందాం. ఆపరేషన్ బల్ల మీద రోగి ఒక పాయ, రక్తం ప్యాకెట్లు తెస్తున్న వ్యాన్ మరో పాయ. కథ ప్రకారం వ్యాన్ రావడానికి 18 నిమిషాలు పడుతుంది. తెర మీద ఘట్టం మొత్తం 3 నిమిషాలే. మిగిలిన 15 నిమిషాలు ఎక్కడికి పోయాయి? కట్‌లలోకి పోయాయి. వ్యాన్‌ని వదిలి 12 సెకన్లు ఆపరేషన్ గదిలో గడిపి తిరిగొచ్చేసరికి అది రెండు కిలోమీటర్లు ముందుకెళ్లిపోయినా ప్రేక్షకుడు ఏమీ అనుకోడు. దారికి గడియారం లేదు కాబట్టి ఆ పాయ సాగుతుంది. ఆపరేషన్ గదిలో సంగతి అలా కాదు. గోడ మీద గడియారమో, సీసాలో తగ్గిపోతున్న ద్రవమో ఒకసారి క్లోజప్‌లో చూపించామంటే అక్కడి కాలం బిగిసిపోతుంది.

రెండు పాయల్లో ఒకటి సాగేదిగా ఉండాలి. రెండూ బిగిసినవైతే ఎడిటర్‌కు కదలడానికి చోటు ఉండదు. ఒక పాయలో గోడ గడియారం, రెండో పాయలో మండుతున్న వత్తి ఉన్నాయనుకోండి. వత్తి మొదటి షాట్‌లో 10 అంగుళాలు ఉంది. ఎనిమిది సెకన్ల తర్వాత చూస్తే 6 అంగుళాలు. సెకనుకు అర అంగుళం కాలుతోందని ప్రేక్షకుడు కాగితం మీద లెక్క వేయడు గానీ, అతని ఒంటికి ఆ లెక్క తెలిసిపోతుంది. ఇక మిగిలింది 12 సెకన్లు. కొంత సాగదీయవచ్చు, చివరి క్షణాలు బరువుగా గడుస్తాయని ప్రేక్షకుడూ ఒప్పుకుంటాడు. కానీ ఆ పన్నెండును నలభై చేసి, మధ్యలో గోడ గడియారాన్ని కూడా చూపిస్తే మోసం బయటపడుతుంది. దీనికి మందు షూటింగ్ రోజునే వేయాలి. వత్తి మొత్తం కనిపించే షాట్ ఒక్కటే తీసి, మిగతావన్నీ మండుతున్న కొస ఒక్కటే కనిపించేలా దగ్గరగా తీయాలి. కొస షాట్‌కు పొడవు లేదు, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. లెక్క తగ్గుతూ వచ్చే అంకెల ప్యానెల్ అయితే అంకెలు లేకుండా ఖాళీగా తీసుకుని, ఎడిట్ ఖాయమయ్యాక గ్రాఫిక్స్‌లో నింపడం మేలు. సెట్లో అంకెలు వెలిగించి తీసేస్తే, ఎడిటింగ్‌లో షాట్ల వరస మార్చిన ప్రతిసారీ 02:40 తర్వాత 03:05 వచ్చి కూర్చుంటుంది.

తిరిగి వచ్చిన ప్రతిసారీ అక్కడ ఏదో ఒకటి మారి ఉండాలి. ఇంటర్‌కట్ బాగుందో లేదో తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష మాకు తెలియదు. ఒక్కో తిరుగుకు ఒక్కో వాక్యం కాగితం మీద రాయండి. ‘రక్తపోటు పడిపోతోంది. ఉన్న చివరి ప్యాకెట్ అయిపోయింది. రక్తం కారుతున్న చోటు దొరికింది. గుండె ఆగింది.’ ఇవి నాలుగు తిరుగులు. ‘డాక్టర్ కంగారుగా ఉన్నాడు. డాక్టర్ ఇంకా కంగారుగా ఉన్నాడు. నర్సు డాక్టర్ వైపు చూసింది.’ ఇది మూడుసార్లు చూపించిన ఒకే తిరుగు. పక్కపక్క వాక్యాలు ఒకటే అయితే ఒకదాన్ని తీసేయాలి. తీస్తే ఘట్టం పొట్టిదైపోతుందని భయపడి ఉంచేస్తారు చాలామంది. ఆ భయం వల్లే ప్రేక్షకుడు ఫోన్ చూసుకుంటాడు.

ఎక్కడ వదలాలి అన్నది తర్వాతి ప్రశ్న. సీన్ తనంతట తాను ముగిసిన చోట వదిలితే, మళ్లీ రావాలన్న కోరిక ప్రేక్షకుడికి ఉండదు. తలుపు గడియ మీద చెయ్యి పడింది, తలుపు ఇంకా తెరుచుకోలేదు. అక్కడ వదలాలి. ప్రశ్న పుట్టాలి, జవాబు రాకూడదు. అయితే దీనికి ఒక హద్దుంది. నటుడి ముఖంలో ఏదో విరుగుతున్న క్షణంలో, కన్నీరు ఇంకా రాలేదు గానీ వస్తోందని తెలుస్తున్న క్షణంలో ఇంకోచోటికి కట్ చేయకూడదు. అది ఉత్కంఠ కాదు, నటుడి చేతిలోంచి సీన్ లాక్కోవడం. ఏం జరుగుతుందో అన్న ఆత్రుత మీద కట్ చేస్తే ప్రేక్షకుడు ఆ ఆత్రుతను వెంట తీసుకెళతాడు. దుఃఖం మీద కట్ చేస్తే అది తెగిపోతుంది, తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి పుట్టించాలి. చాలాసార్లు అది పుట్టదు.

తిరిగి వచ్చేటప్పుడు వదిలిన ఫ్రేము దగ్గరే మొదలుపెట్టడం ఇంకో సాధారణమైన తప్పు. గడియ మీద చెయ్యి దగ్గర వదిలి, పది సెకన్ల తర్వాత మళ్లీ గడియ మీద చెయ్యి దగ్గరకే వస్తే, ఆ మనిషి మన కోసం పది సెకన్లు బొమ్మలా నిలబడ్డాడని అర్థం. ఒప్పందం అక్కడే తప్పింది. రెండో రాకలో అతను గదిలో ఉండాలి, లేదా తలుపు తెరవలేక కిటికీ వైపు తిరిగి ఉండాలి. మధ్యలో ఏం జరిగిందో ప్రేక్షకుడు తానే పూరించుకుంటాడు, ఆ పూరించుకోవడంలోనే అతనికి రుచి ఉంది. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. నడకలు, మెట్లు ఎక్కడాలు, తాళం తీయడాలు అన్నీ కట్‌లో మాయమవుతాయి. ‘ల్యాగ్’ అని తిట్టించుకునే 30, 40 సెకన్లు ఎవరికీ తెలియకుండా పోతాయి. నెమ్మదించిన సీన్‌ని కాపాడటానికి ఎడిటర్లు ఇంటర్‌కట్ వాడతారన్న మాట నిజమే. అందులో తప్పు లేదు. కానీ రెండు నీరసమైన సీన్లను కలిపి కోస్తే ఒక బలమైన సీన్ రాదు, పొడవాటి నీరసం వస్తుంది.

నిడివి గురించి ఎవరూ సూత్రాలు చెప్పలేరు, కానీ కొన్ని అంకెలు దారి చూపుతాయి. కొత్త పాయలోకి మొదటిసారి వెళ్లినప్పుడు ఎక్కడున్నామో తెలిసే లాంగ్ షాట్ కావాలి, 3 నుంచి 4 సెకన్లు. ఆ మొదటి బస మొత్తం 20, 25 సెకన్లు ఉండొచ్చు. రెండోసారికి మనిషి నడుం పైభాగం కనిపించే మిడ్‌షాట్ చాలు. నాలుగోసారికి స్టీరింగ్ మీద చెయ్యి ఒక్క సెకను కనిపిస్తే చాలు, అంటే 24 ఫ్రేములు. చోటు అప్పటికే పరిచయమైంది కాబట్టి కన్ను పట్టేస్తుంది. పరిచయం లేని చోట అదే ఒక్క సెకను పెడితే అది కంటికి దుమ్ములా తగులుతుంది తప్ప బుర్రకెక్కదు. ఇలా ఒక పాయకు 25, మరో పాయకు 14. తర్వాత 10, 7. తర్వాత 5, 2. చివర్లో ఒకటి, ఒకటిన్నర సెకన్లకు దిగుతుంది. గమనించండి, ప్రతి జంటలోనూ అంకెలు ఎక్కువ తక్కువలుగానే ఉన్నాయి. రెండు పాయలకూ ప్రతిసారీ సరిసమానంగా పంచితే ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది. మూడో ఊపుకల్లా తర్వాతి కట్ ఎప్పుడొస్తుందో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. ఇంకా ముఖ్యమైనది: సెకను లోపు షాట్లు అర నిమిషం పాటు ఆపకుండా కొడితే వేగం కనిపించడమే మానేస్తుంది. వేగం తెలియాలంటే పక్కన నిదానం ఉండాలి. బాగా బిగించిన ఘట్టంలో ఎక్కడో ఒకచోట 8 సెకన్ల నిశ్చలమైన షాట్ ఉంటుంది. సమీక్షకులు ‘పరుగులు పెట్టించింది’ అని మెచ్చుకునే చోట్ల ఊపిరి పోసింది చాలాసార్లు ఆ షాటే.

రెండు చోట్లూ ఒకేలా ఉంటే పై లెక్కలన్నీ వృథా. రెండు తెల్లటి కారిడార్ల మధ్య ఇంటర్‌కట్ చేయమని ఇస్తే ఏ ఎడిటరైనా తల పట్టుకోవాల్సిందే. ఒకదాంట్లో చల్లని వెలుతురు, మరోదాంట్లో పసుపు దీపాలు. ఒకదాంట్లో స్టాండ్ మీద కదలని కెమెరా, మరోదాంట్లో భుజం మీద కెమెరా. ఇలాంటి తేడా సెట్లోనే వేయాలి. షూటింగ్ తర్వాత రంగులు సరిచేసే డిఐ దశలో రంగు కొంతవరకు దిద్దవచ్చు గానీ కెమెరా నడకను దిద్దలేం. దిశ కూడా అంతే. ఒకరి కోసం ఒకరు వస్తుంటే, ఒకరు ఎడమ నుంచి కుడికి, మరొకరు కుడి నుంచి ఎడమకు కదలాలి. అప్పుడే కలుసుకోబోతున్నారని కన్నుకు తెలుస్తుంది. ఒకరిని ఒకరు తరుముతుంటే ఇద్దరూ ఒకే దిశలో వెళ్లాలి. తరిమేవాడి షాట్ ఒక్కటి తిరగబడినా అతను ఎదురొస్తున్నట్టు ఉంటుంది. దిశ మార్చక తప్పని మలుపు ఉంటే, బండి నేరుగా కెమెరా మీదికి వచ్చే షాటో, కెమెరా నుంచి దూరంగా వెళ్లిపోయే షాటో ఒకటి మధ్యలో పెట్టుకోవాలి. అది ఏ వైపూ కాని షాట్ కాబట్టి దాని తర్వాత దిశ మారినా తేడా తెలియదు.

షూటింగ్‌లో ఈ రెండు పాయల మధ్య వారాల ఎడం ఉండొచ్చు. ఎడిటర్‌కు కావలసినవి పెద్ద ఖర్చు లేనివే, అయినా తరచూ దొరకనివే. ప్రతి షాట్‌లో నటన మొదలయ్యేముందు, కట్ చెప్పకముందు చెరో 5 సెకన్లు కెమెరా నడవాలి. మనిషి ఫ్రేములోంచి వెళ్లిపోయాక ఖాళీ ఫ్రేము 3 సెకన్లు ఉంచాలి. మాట లేని చూపులు కావాలి: ఎడమకో లుక్, కుడికో లుక్, తలవంచుకుని ఒకటి. చేతులు, పాదాలు, వస్తువుల క్లోజప్‌లు కావాలి. సీన్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా తీయాలి. ‘ఎలాగూ ఇంటర్‌కట్ కదా, ఈ ముక్క చాలు’ అని ముక్కలే తీస్తే, కట్ ఎక్కడ పడాలో ఆ రోజు హడావుడిలోనే తేలిపోయినట్టు. తర్వాత మార్చడానికి చేతిలో ఏమీ ఉండదు. కంటిన్యుటీలో, అంటే షాటుకూ షాటుకూ ఉండాల్సిన పొంతనలో, ఎక్కువగా దెబ్బతినేది చెమట. వ్యాన్ డ్రైవర్ చొక్కా ఎప్పుడు ఎంత తడిసిందో రాసుకోకపోతే, షాట్ల వరస మార్చినప్పుడు తడిసిన చొక్కా ఆరిపోయి మళ్లీ తడుస్తుంది. ఎండ నీడలూ అంతే. రెండు పాయలూ ఒకే సాయంత్రమైతే రెండింట్లో నీడల పొడవు పొంతనగా ఉండాలి.

ఎడిటింగ్ రూంలో మొదటి మెట్టు ఏమిటంటే, ఇంటర్‌కట్ చేయకపోవడం. ఒక్కో పాయను విడిగా, పూర్తిగా, నేరుగా కూర్చాలి. ఒకటి 3 నిమిషాల 10 సెకన్లు వచ్చింది, రెండోది 2 నిమిషాల 20 సెకన్లు వచ్చింది అనుకుందాం. విడిగా చూసినప్పుడే దేనిలో బలం ఉందో, ఏది ఎక్కడ జారుతోందో తెలుస్తుంది. తర్వాత ఒక్కో మలుపుకు ఒక్కో కార్డు చొప్పున రెండు రంగుల్లో రాసి గోడకు అంటించి, వరస మార్చి చూడాలి. గోడ మీద వరస కుదిరాకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పరిచే టైమ్‌లైన్‌లో ఒక పాయను కింది వీడియో ట్రాక్ మీద, మరోదాన్ని పై ట్రాక్ మీద పరిచి, క్లిప్పులకు కార్డుల రంగులే ఇచ్చి కోయడం మొదలుపెట్టాలి. రంగులు చూస్తేనే తప్పు తెలిసిపోతుంది. ఒక రంగు ఎక్కడ మరీ పొడవుగా సాగిందో, ఎక్కడ గళ్ల చీరలా సమంగా తయారైందో కంటికి కనబడుతుంది. సంగీతం పెట్టకుండా కోయాలి. తాత్కాలికంగానైనా ఒక బీట్ పెట్టి కోస్తే, దాని పుణ్యాన తప్పు కట్‌లు కూడా సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తాయి. ఆ బీట్ తీసేసి అసలు రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) వచ్చిన రోజున ఘట్టం కూలిపోతుంది. కోశాక ఒకసారి శబ్దం ఆపి చూడాలి, ఒకసారి బొమ్మ ఆపి వినాలి. కథ తెలియని మనిషికి చూపించి మూడే ప్రశ్నలు అడగాలి: ఎవరు ఎక్కడున్నారు? ఏది ముందు జరిగింది? మొత్తం ఎంత సేపు పట్టింది? ‘బాగుందా?’ అని అడగకూడదు. ఆ ప్రశ్నకు అందరూ బాగుందనే అంటారు.

ఫిల్ము రోజుల్లో ఒక ఇంటర్‌కట్ మార్చాలంటే పాజిటివ్ ప్రింటు మీద జాయింట్లు విప్పి, ముక్కలు కొక్కేలకు వేలాడదీసి, టేపుతో మళ్లీ అతికించాలి. శబ్దం ట్రాకును కూడా అదే కొలతకు కోయాలి. అంత శ్రమ ఉండేది కాబట్టి ముందు ఆలోచించేవారు, తర్వాత కోసేవారు. ఇప్పుడు మౌస్ తిప్పితే చాలు. మార్చడం తేలికైంది కాబట్టి అవసరం లేని చోట కూడా ఇంటర్‌కట్ వచ్చి పడుతోందని మా అభిప్రాయం. ఒక సీన్ తనంతట తాను నిలబడగలిగితే దాన్ని నిలబడనివ్వాలి.

శబ్దం గురించి సమీక్షల్లో ఒక్క మాటా ఉండదు, కానీ ఇంటర్‌కట్‌లో సగం పని దానిదే. రెండు దారులున్నాయి. ఒకటి, ఏ చోటి శబ్దం ఆ చోటిదే: ఆపరేషన్ గదిలో యంత్రాల సన్నని చప్పుడు, రోడ్డు మీద ఇంజను హోరు, కట్‌తో పాటు శబ్దం కూడా ఠక్కున మారడం. ఇది గరుకుగా ఉంటుంది, ఉద్రిక్తతకు పనికొస్తుంది. రెండోది, ఒకే శబ్దాన్ని రెండు చోట్ల మీదా పరచడం. 1972 నాటి ‘ద గాడ్‌ఫాదర్’లో చర్చిలో పసిబిడ్డకు బాప్తిస్మం జరుగుతుండగా బయట హత్యలు జరిగే ఘట్టంలో, చర్చి ఆర్గన్ మోత, మతాధికారి మాటలు హత్యల షాట్ల మీదకు కూడా వస్తూనే ఉంటాయి. ఆ శబ్దం తీసేసి చూడండి, రెండూ రెండు సీన్లుగా విడిపోతాయి. ఈ రెండు దారుల మధ్య ఒక కాలిబాట ఉంది: వెళ్లబోయే చోటి శబ్దాన్ని బొమ్మ కంటే 8 నుంచి 16 ఫ్రేములు ముందే వినిపించడం. ఎడిటర్లు దీన్ని జె కట్ అంటారు. చెవి ముందు వెళుతుంది, కన్ను వెనకాల వెళుతుంది, కుదుపు తగ్గుతుంది. ప్రతి కట్‌కూ ఇదే చేస్తే మాత్రం గరుకుదనమంతా పోయి ఘట్టం జిగురుగా తయారవుతుంది. అన్నింటికంటే చెడ్డది, కట్ మారినప్పుడల్లా సంగీతం మార్చడం. రేడియోలో స్టేషన్లు తిప్పుతున్నట్టు ఉంటుంది.

టెలిఫోన్ సంభాషణ కూడా ఇంటర్‌కట్టే. సినిమాల్లో ఇంత తరచుగా వచ్చేది మరొకటి లేదు, ఇంత అశ్రద్ధగా చేసేదీ మరొకటి లేదు. ఒకరు కుడికి చూస్తూ మాట్లాడితే మరొకరు ఎడమకు చూస్తూ మాట్లాడాలి, అప్పుడు ఎదురెదురుగా ఉన్నట్టు ఉంటుంది. ఒకరిని తీస్తున్నప్పుడు అవతలి మాటలను ఎవరైనా కెమెరా పక్కన నిలబడి చదవాలి. లేకపోతే వినే ముఖంలో వినడం ఉండదు, తన వంతు కోసం ఎదురుచూడటం ఉంటుంది. ఒకరు అరుస్తూ, ఒకరు గుసగుసగా ఎత్తుకున్న స్వరాలు ఎడిటింగ్ బల్ల మీద కలవవు. తెరమీద ఉన్న మనిషి గొంతు నిండుగా, అవతలి గొంతు ఫోనులోంచి వచ్చినట్టు సన్నగా ఉండాలి. కట్ పడిన ఫ్రేములోనే ఇవి తారుమారు కావాలి. చివరి నిమిషంలో ఒక కట్‌ని నాలుగు ఫ్రేములు జరిపి శబ్దాలు కలిపే మిక్సింగ్ వాళ్లకు చెప్పడం మరిచిపోతే, మనిషి ఎదురుగా ఉండి ఫోనులోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది.

పాయలు ఎన్ని ఉండవచ్చు? రెండు సుఖం. మూడోది అప్పుడప్పుడూ వచ్చేదైతే మూడూ నడుస్తాయి. నాలుగింటికి గట్టి ఆధారం కావాలి. 1916లో గ్రిఫిత్ ‘ఇన్‌టాలరెన్స్’లో నాలుగు వేర్వేరు కాలాల కథలను కలిపి కోసి, ఊయల ఊపుతున్న తల్లి షాట్‌ని మధ్య మధ్య ముడిలా వాడాడు. మూడేళ్ల తర్వాత, 1919లో, వాటిలో రెండు కథలను విడదీసి రెండు వేరే సినిమాలుగా విడుదల చేశాడు. 2017లో వచ్చిన ‘డంకర్క్’లో మూడు పాయలు: తీరంలో ఒక వారం, సముద్రం మీద ఒక రోజు, ఆకాశంలో ఒక గంట. మూడు కొలతలూ వేరైనా ఆ వ్యవధులను మొదట్లోనే అక్షరాలుగా తెర మీద వేశారు. ఒప్పందం మారినప్పుడు ముందే చెప్పాలి. చెప్పకుండా మార్చాలంటే, మార్చడమే కథ కావాలి. 1991 నాటి ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బలగం ఒక ఇంటిని చుట్టుముడుతుంది, హంతకుడి ఇంట్లో గంట మోగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. గుమ్మంలో ఉన్నది ఆ బలగం కాదు, ఒంటరిగా వచ్చిన కథానాయిక. బలగం చుట్టుముట్టింది వేరే ఇల్లు. రెండూ ఒకే చోటని ఎవరూ అనలేదు. ఇంటర్‌కట్ అలవాటే ప్రేక్షకుడి చేత అలా అనిపించింది. ఒక సినిమాలో ఒక్కసారే చెల్లే నాణెం అది.

కాబట్టి మీ సమీక్షకులకు మా మనవి. ఇలాంటి ఘట్టం గురించి రాసేటప్పుడు వేగం సంగతి కాస్త పక్కన పెట్టి, ఏ పాయను ఎక్కడ వదిలారో, తిరిగొచ్చేసరికి అక్కడ ఏం మారిందో ఒక్క వాక్యం రాయండి. రెండు పాయలూ చివరికి కలిసే చోటును ప్రత్యేకంగా చూడండి. అంతదాకా విడివిడిగా చూసిన ఇద్దరు మనుషులు మొదటిసారి ఒకే ఫ్రేములోకి వచ్చే షాట్ అది. దాన్ని నాలుగు క్లోజప్‌లుగా ముక్కలు చేశారా, లేక ఇద్దరూ కనిపించేలా వెనక్కి జరిగి, రక్తం ప్యాకెట్టు ఒక చేతిలోంచి మరో చేతిలోకి వెళ్లేదాకా కట్ లేకుండా ఉంచారా అన్నది మీ పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
కొందరు ఫిలిం ఎడిటర్లు